సొంతంగా పొట్టేలును కోయడం నేర్చుకోవాలి. జీవానికి బాధ తక్కువగా ఉండాలంటే ఎలా?

పాలకుర్తి మెట్ట:

అందరికీ నమస్తే. మాది జనగామ జిల్లా పాలకుర్తి దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట, ఇరవై దాకా గొర్రెలు, కొన్ని మేకలు, నాటుకోళ్ళు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చాక మేపడం, నట్టల మందు తాగించడం, ఈతలు చూసుకోవడం అన్నీ మెల్లగా పట్టుబడ్డాయి. కోయడం మాత్రం ఇప్పటికీ రాదు.

ఇన్నాళ్ళూ పక్క ఊరి సాయబు ఒకాయన వచ్చి కోసేవాడు. ఆయన చేస్తుంటే జీవం అరిచేది కూడా కాదు. ఇప్పుడు ఆయనకు చూపు ఆనడం లేదు, కొడుకులు దుబాయ్‌లో ఉన్నారు. మొన్న దసరాకు మండలం నుంచి వేరే ఒకతన్ని పిలిచాం. పండుగ రోజు కదా, పది ఇళ్ళు ఒప్పుకున్నాడు. బండి దిగడం, పొట్టేలును చెవి పట్టి ఈడ్చడం, మొద్దుబారిన కత్తితో రంపం కోసినట్టు కోయడం. పాపం అది చాలాసేపు కొట్టుకుంది. మా అమ్మ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు కూర కూడా గట్టిగా, ఏదోలా ఉంది. అదొక్కటే కారణమో కాదో తెలియదు.

అప్పుడే అనుకున్నాను, ఇక మా ఇంటి యాటను నేనే కోయాలని. మా ఆవిడ "పెంచిన చేత్తో ఎట్లా కోస్తావు" అంటుంది. నాకేమో పెంచిన చేయి అయితేనే కాస్త మర్యాదగా కోస్తుందేమో అనిపిస్తుంది.

యూట్యూబ్‌లో ఒకడు ఒకలా, ఇంకొకడు ఇంకోలా చూపిస్తున్నారు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ఎలాంటి కత్తి కావాలి? ఎలా పట్టుకోవాలి? కోత సరిగ్గా పడిందని, జీవానికి ఇక నొప్పి తెలియడం లేదని ఎలా గుర్తుపట్టాలి? ఒక్క వేటుకు నరకడం మంచిదా, గొంతు కోయడం మంచిదా? ఆ తర్వాత తోలు, పేగులు, ముక్కలు... అదంతా ఒక్కడినే చేయగలనా?

ఉప్పల్ కుర్రోడు:

బ్రో, షాపుకెళ్ళి రెండు కిలోలు కొట్టించుకుంటే పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకు?

పాలకుర్తి మెట్ట:

ఇంట్లో ఇరవై గొర్రెలు పెట్టుకొని షాపులో ఎందుకు కొంటాను తమ్ముడూ :)

చింతమొద్దు:

తమ్ముడూ, మాది సిద్దిపేట దిక్కు. తాత, నాయన, నేను అందరం ఇదే పని చేసినోళ్ళం. షాపు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. చుట్టాల ఇళ్ళల్లో దావత్ అయితే మాత్రం ఇంకా నన్నే పిలుస్తారు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు అడిగినదంతా కోత గురించే ఉంది. ముందురోజు గురించి ఒక్క మాట లేదు. కత్తి పడేది క్షణం. అంతకుముందు రాత్రి జీవం ఎట్లా గడిపిందో దాన్ని బట్టే ఆ క్షణం ఎట్లా ఉండేదీ, కూర ఎట్లా ఉండేదీ తేలిపోతుంది. మీ ఇంట్లో దసరా కూర గట్టిగా ఉండటానికి సగం కారణం మొద్దు కత్తి కాదు, చెవి పట్టి ఈడ్చడం.

ముందురోజు పొద్దుగూకే వేళ కోయాల్సిన పొట్టేలును మందలోంచి వేరు చెయ్యి. ఒంటరిగా మాత్రం కట్టెయ్యకు. గొర్రె ఒంటరిగా ఉంటే తెల్లవార్లూ అరుస్తూనే ఉంటుంది. దాని పక్కన ఇంకొక గొర్రెను తోడుగా ఉంచు. మేత ఆపెయ్యి, నీళ్ళు మాత్రం పెట్టు. పన్నెండు గంటలకు తక్కువ కాకుండా మేత లేకపోతే పొట్ట తేలికవుతుంది, కోసేటప్పుడు పొట్టలో పసరంతా మాంసం మీద చిమ్మే ప్రమాదం తగ్గుతుంది. నీళ్ళు ఎందుకంటే, ఒంట్లో నీరు బాగుంటే తోలు సులువుగా వస్తుంది.

తెల్లారి చల్లటి పూట పెట్టుకో. ఎండాకాలంలో అయితే అయిదు గంటలకే మొదలుపెట్టాలి, ఏడు దాటితే ఈగలు వస్తాయి. తోడు గొర్రెతోనే కోసే చోటు దగ్గర దాకా నడిపించు, ఆఖర్న తోడుదాన్ని గోడ అవతలికి పంపెయ్యి. ఉన్ని పట్టి లాగొద్దు. ఉన్ని లాగిన చోటల్లా లోపల మాంసం కమిలి నల్లగా కనబడుతుంది, తోలు తీశాక నువ్వే చూస్తావు. గదమ (గడ్డం) కింద ఒక చేయి, వెనక తుంటి మీద ఒక చేయి వేసి నడిపిస్తే అదే వస్తుంది.

కత్తి ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉండాలి. మెడ వెడల్పుకు రెండింతలు అన్నది లెక్క. అంత పొడుగు ఎందుకంటే, చిన్న కత్తి అయితే మధ్యలో మొన మాంసంలో గుచ్చుకుంటుంది, నువ్వు ఆగి మళ్ళీ కోయాల్సి వస్తుంది. సానరాయి మీద నూరాక ముంజేతి వెంట్రుకలు గొరిగి చూడు. గొరగలేదంటే ఆ కత్తితో ఆ రోజు కోయొద్దు. నీది దక్కనీ గొర్రె అయితే గొంతు దగ్గర ఉన్నిని కత్తెరతో తీసెయ్యి. ఉన్నిలో ఇసుక ఉంటుంది, ఒక్క గీతకే పదును పోతుంది. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు కాబట్టి ఆ తిప్పలు లేదు.

మా నాయనకు ఈ పని నేర్పింది మా ఊరి ముల్లా. కత్తి జీవం ముందు నూరొద్దు, ఒకదాని కళ్ళ ముందు ఇంకోదాన్ని కోయొద్దు, ఆయన మొట్టమొదట నేర్పినవి ఇవేనట. మతం సంగతి పక్కన పెట్టినా ఈ రెండు పద్ధతులను తప్పు పట్టేవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. మీ ఇంటికి వచ్చేవాళ్ళలో హలాల్ తప్ప తిననివాళ్ళు ఉంటే మీ సాయబునే కూర్చోబెట్టుకో. చూపు ఆనకపోయినా పక్కన కూర్చుని చెప్పగలడు కదా. దుఆ చదివి కోయడానికి ఆయన పిల్లల్లాంటివాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. నువ్వు పట్టుకోవడం, తోలు తీయడం నేర్చుకోవచ్చు.

ఒక్క వేటుకు నరకడం గురించి అడిగావు. బోనాలప్పుడు పోచమ్మ దగ్గర వేటకత్తితో కొట్టేవాళ్ళను చూసి అది తేలిక అనుకుంటారు. కొట్టేవాడికి చేయి, కన్ను, బరువైన కత్తి మూడూ కుదిరితే జీవానికి అదీ క్షణమే. కుదరకపోతే సగం తెగిన మెడతో అది లేచి పరిగెత్తుతుంది. కొత్తవాడివి, దాని జోలికి పోకు.

ఇక కోత. దీనికి ముందు ఒక పని చెయ్యి. ఏదైనా మటన్ షాపులో తలకాయను మెడతో సహా అడిగి కొనుక్కో. ఇంట్లో పీట మీద పెట్టి విప్పి చూడు. ముందు గరగరలాడే శ్వాసనాళం ఉంటుంది. దాని వెనక మెత్తటి అన్నవాహిక. వాటికి రెండు పక్కలా రక్తనాళాలు, ఒక్కో పక్కన ఒక లావు నరం, ఒక పల్చటి నరం. ఈ రెండు పక్కల నాళాలూ ఒకేసారి తెగాలి, అదే అసలు సంగతి. ఒక పక్కే తెగితే రక్తం కారుతూనే ఉంటుంది, కానీ జీవానికి తెలివి పోవడానికి ఆలస్యమవుతుంది. మీ దసరా పొట్టేలుకు జరిగింది అదే అని నా అనుమానం. నీ వేళ్ళకు ఆ నాళాలు ఎక్కడున్నాయో తెలిశాక గొర్రె దగ్గరికి రా.

పట్టుకోవడానికి ఇద్దరు ఉండాలి. ఒకరు జీవాన్ని ఎడమ పక్కకు పడుకోబెట్టి, మోకాలితో తొక్కకుండా తుంటి మీద, భుజం మీద అరచేతులతో అదిమి పట్టాలి. మూడు కాళ్ళు కట్టి ఒక కాలు వదిలేస్తే చాలు. కట్టింది మొదలు కోసేదాకా అర నిమిషం కంటే పట్టకూడదు. కట్టేసి కత్తి కోసం వెతికేవాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. రెండోవాడు, అంటే నువ్వు, ఎడమ చేత్తో గదమ పట్టి తలను వెనక్కి చాపు. మరీ విరిచి చాపొద్దు, చర్మం బిగుసుకునేంత చాలు. దవడ ఎముక వెనకనే, గొంతు బుడిపెకు కిందగా కత్తి ఆనించు. చేయి ఎత్తకుండా ఒక్కసారి ముందుకు, ఒక్కసారి వెనక్కి. ఎముక తగిలిందాకా పోతుంది. అక్కడ ఆపెయ్యి, ఎముకలోకి దిగొద్దు. వెన్ను లోపలి నరం అప్పుడే తెగితే జీవం కదలదు. అది తెలివి పోయి కదలడం లేదా, నరం తెగి కదలడం లేదా అన్నది నువ్వు చెప్పలేవు.

కోశాక తల వదిలెయ్యకు, కొంచెం వెనక్కి పట్టుకునే ఉండు, కోత మూసుకుపోకుండా. మీ ఊళ్ళో కూడా కొంతమంది కోయగానే మెడ విరిచేస్తారు, పని తొందరగా అవుతుందని. అది ఎప్పుడూ చేయొద్దు.

సరిగ్గా పడితే పది పదిహేను సెకన్లలో ఒళ్ళు సడలుతుంది. ఆ తర్వాత కాళ్ళు కొట్టుకుంటాయి, గట్టిగా కూడా కొట్టుకోవచ్చు. చూసేవాళ్ళు అది చూసే బాధపడతారు. అప్పటికి దానికేమీ తెలియదు, నరాలు వాటంతట అవే ఆడుతుంటాయి. అనుమానం ఉంటే కనుగుడ్డు మీద వేలు మెల్లగా ఆనించు. రెప్ప కదిలిందంటే ఇంకా తెలివి ఉంది. కోత వైపు చూడు, ఏ పక్క నాళం తెగలేదో ఆ పక్క వెంటనే కోసెయ్యి. రెప్ప కదలకుండా, డొక్కలు ఎగసిపడటం ఆగిపోయి, రక్తం చుక్కలుగా మారేదాకా ఏ పనీ మొదలుపెట్టొద్దు. మూడు నాలుగు నిమిషాలు. ఆ కాసేపు చేతులు కట్టుకొని నిలబడటం కొత్తవాళ్ళకు చాలా కష్టం, ఏదో ఒకటి చేసేద్దామనిపిస్తుంది.

నల్ల, అంటే రక్తం, వండుకొని తినేవాళ్ళయితే ముందే గిన్నెలో కాస్త ఉప్పు వేసి పట్టుకోవాలి.

తోలు, లోపలి పని రాత్రికి రాస్తాను. అంగడికి పోవాలి.

నెల్లూరు పశువైద్యం:

పై అన్న చెప్పిన దాంట్లో వేలు పెట్టడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. పశువైద్యుడిగా కొన్ని విషయాలు చేరుస్తాను.

భయపడిన జీవం మాంసం ఎందుకు చెడుతుందంటే, ప్రాణం ఉన్నప్పుడు కండరం పి.హెచ్. (పులుపు ఎంతుందో చెప్పే కొలత, తగ్గితే పులుపు పెరిగినట్టు) దాదాపు 7 ఉంటుంది. కోశాక కండలో నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారి పి.హెచ్. 5.5 నుంచి 5.8 దాకా దిగాలి. పరిగెత్తించి, బెదరగొట్టి కోస్తే ఆ గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది, పి.హెచ్. 6 పైనే ఆగిపోతుంది. మాంసం ముదురు రంగులో, జిగటగా ఉంటుంది, త్వరగా చెడుతుంది.

గొర్రె, మేకల్లో మెదడుకు రక్తం ప్రధానంగా గొంతు పక్కల నాళాల నుంచే వెళ్తుంది, అందుకే రెండూ తెగితే అంత త్వరగా స్పృహ పోతుంది. పెద్ద పశువుల్లో మెడ ఎముకల వెంట వెళ్ళే నాళాల నుంచి కూడా రక్తం అందుతుంటుంది, వాటికి సమయం ఎక్కువ పడుతుంది. గొర్రె మీద నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందని ఎవరూ అనుకోవద్దు.

ఏ జీవాన్ని కోయకూడదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. జ్వరం ఉన్నది, మేత మానేసినది, పారుకుంటున్నది, ముక్కు కారుతున్నది కోయొద్దు. నట్టల మందు గానీ యాంటీబయాటిక్ గానీ ఇచ్చి ఉంటే సీసా మీద మాంసానికి ఎన్ని రోజుల గడువు రాశారో చూసి, అది దాటాకే కోయండి. అన్నిటికంటే పెద్ద హెచ్చరిక: ఉన్నట్టుండి చచ్చిపోయిన జీవాన్ని "ఇంకా వేడిగానే ఉంది" అని కోయకండి. ముక్కు, గుదము నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం వస్తుంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావొచ్చు. విశాఖ ఏజెన్సీలో ఇలా చచ్చిన జీవాల మాంసం కోసి, తిని జనం చేతుల మీద నల్లటి పుండ్లతో ఆసుపత్రికి వచ్చిన సందర్భాలు పలుమార్లు ఉన్నాయి. ఆ శవాన్ని కత్తి పెట్టకుండా, పశువైద్యుడికి చెప్పి, లోతుగా సున్నం వేసి పూడ్చాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2001 నాటి స్లాటర్ హౌస్ నియమాల ప్రకారం చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను కోయకూడదు. మున్సిపాలిటీ పరిధిలో లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలి. గుడి ఆవరణలో బలి ఇవ్వడాన్ని 1950 నాటి చట్టం నిషేధిస్తుంది. మీరు ఇంటికి కాకుండా అమ్మకానికి కోస్తే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (కేంద్ర ఆహార భద్రత సంస్థ) దగ్గర నమోదు కావాలి; రోజుకు పది చిన్న జీవాల దాకా అయితే రిజిస్ట్రేషన్ సరిపోతుంది, ఆపైన లైసెన్సు.

మీకు దగ్గర్లోనే, హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంసం పనివాళ్ళకు, రైతులకు శిక్షణలు ఇస్తారు. ఒకసారి కనుక్కోండి.

సౌత్‌ల్యాండ్ గుంటూరోడు:

నేను న్యూజిలాండ్‌లో గొర్రెల ప్రాంతంలో ఉంటాను. ఇక్కడ ఎగుమతికి వెళ్ళే గొర్రెలకు తలకు రెండు పక్కలా కరెంటు పెట్టి స్పృహ తప్పించి, ఆ వెంటనే ముస్లిం కోతగాడు హలాల్ కోత కోస్తాడు. కరెంటు తగిలిన గొర్రెను కోయకుండా వదిలేస్తే కాసేపటికి లేచి మళ్ళీ మేత మేస్తుంది. ప్రాణం పోవడం లేదు కాబట్టే హలాల్‌కు ఒప్పుకున్నారు. దానికి కొలిచిన కరెంటు, ప్రత్యేకమైన పరికరం ఉంటాయి. ఎవరూ ఇంట్లో వైర్లతో ప్రయోగాలు చేయకండి, చచ్చేది గొర్రె ఒక్కటే కాకపోవచ్చు.

చింతమొద్దు:

గుంటూరు తమ్ముడు మంచి మాట చెప్పాడు. మన దగ్గర ఇంటి యాటకు ఆ పరికరాలు రావు, కత్తి పదునే మన పరికరం.

మిగిలింది చెప్తా.

వెనక కాళ్ళకు తాడు వేసి వేపకొమ్మకో దూలానికో తలకిందులుగా వేలాడదియ్యి. తోలు నేల మీద కూడా తీయొచ్చు గానీ మట్టి అంటుతుంది. ముందు గొంతు దగ్గర అన్నవాహికను శ్వాసనాళం నుంచి వేరుచేసి గట్టిగా ముడి వెయ్యి. లేకపోతే పొట్టలోది గొంతులోంచి కారుతుంది. ఈ ముడి చాలామంది వేయరు, ఆ తర్వాత మాంసం మీద బిందెలు బిందెలు నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోసిన మాంసం తొందరగా వాసన వస్తుంది. మురికి అంటిన చోట కత్తితో గీకి తీసెయ్యాలి, అంతే.

వెనక కాళ్ళ కీళ్ళ దగ్గర చుట్టూ గీత పెట్టి, తొడల లోపలి పక్క నుంచి గీసుకుంటూ రా. గీతకు మాత్రమే కత్తి. ఆ తర్వాత పిడికిలి. తోలుకూ మాంసానికీ మధ్య తెల్లటి సన్న పొర ఉంటుంది, పిడికిలిని తోలు వైపు ఒత్తుతూ ఆ పొర చెడకుండా దిగాలి. ఒళ్ళు వేడిగా ఉండగా తడిసిన చొక్కా విప్పినట్టు వస్తుంది, చల్లారితే కత్తి లేకుండా రాదు. మా తాత కాలంలో కాలి దగ్గర గాటు పెట్టి నోటితో గాలి ఊదేవాళ్ళు. తోలు బాగానే వచ్చేది, కానీ మన నోట్లోదంతా మాంసానికి పోతుంది. నేను మానేశాను. ఇంకొక నియమం: బొచ్చు పట్టిన చేయి మాంసానికి తగలొద్దు. ఒక చేయి బొచ్చుకు, ఒక చేయి మాంసానికి. మర్చిపోయి తాకితే కడుక్కొని రా.

లోపలి పని నిదానంగా చెయ్యి. గుదము చుట్టూ కోసి, పేగును కొంచెం బయటికి లాగి దారంతో కట్టు. పొట్ట మీద తొడల దగ్గర చిన్న గాటు పెట్టి, లోపలికి రెండు వేళ్ళు దూర్చి, ఆ వేళ్ళ మధ్య కత్తి మొన పెట్టుకొని కిందికి రా. పదును నీ వైపు ఉంటుంది, పేగు వైపు కాదు. పొట్ట బరువుకు అదే జారుతుంది, కింద గంపో తట్టో పెట్టుకో. ఉచ్చతిత్తిని పిండకుండా మెడ పట్టి కోసెయ్యి. కార్జానికి అంటుకొని ఆకుపచ్చటి పసరు తిత్తి ఉంటుంది, దాన్ని కార్జం ముక్క కొంచెం పోయినా సరే దూరంగా కోసి పారెయ్యి. అది పగిలిందంటే ఆ కార్జం చేదు, ఎంత కడిగినా పోదు.

కార్జం, ఊపిరితిత్తులు చేతిలోకి తీసుకొని వెలుతురులో చూడు. కార్జంలో ఆకులాంటి జలగలు, నీళ్ళు నిండిన తెల్లటి తిత్తులు కనబడితే అది తినొద్దు.

ముక్కలు కొట్టడం గురించి ఒక్కటే. మొద్దు మీద పెట్టి ఎడాపెడా నరికితే ఎముక చిట్లి కూరలో పళ్ళకు తగులుతుంది. ముందు కీళ్ళ దగ్గర చిన్న కత్తితో విడదియ్యి. గొర్రెకు ముందు జబ్బకూ ఒంటికీ ఎముకల కీలు లేనేలేదు, కండతోనే అంటుకొని ఉంటుంది. జబ్బను పైకెత్తి కత్తి వేస్తే ఊడి చేతిలోకి వస్తుంది. తొడకు తుంటి గిన్నె ఉంటుంది, దాన్ని తిప్పి చూస్తే సందు దొరుకుతుంది. వెన్నుపూసకు మాత్రమే బరువైన కత్తి. ముప్పై కిలోల పొట్టేలుకు తలకాయ, కాళ్ళు, బోటి పక్కన పెడితే ఎముకలతో కలిపి పద్నాలుగు కిలోల చుట్టూ మాంసం వస్తుంది. అంతకంటే చాలా ఎక్కువ వస్తుందని ఎవరన్నా చెప్తే నమ్మకు.

మాంసం బిగుసుకోకముందే, అంటే రెండు మూడు గంటల్లోపు వండుకోవాలి. లేదంటే నీడలో గాలికి వేలాడదీసి, ఒంటి వేడి పోయాక ఫ్రిజ్‌లో పెట్టి, బిగుపు వదిలాక వండాలి. కోసిన వెంటనే ఫ్రిజ్‌లో కుక్కితే కండ ముడుచుకుపోయి ఉడకదు.

పాలకుర్తి మెట్ట:

అన్నా, డాక్టర్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. ప్రింట్ తీసి మా సాయబుకు చదివి వినిపించాను. దవడ వెనక కోయాలన్న దగ్గర "సహీ బాత్" అన్నాడు. కూర్చొని చెప్తానని ఒప్పుకున్నాడు కూడా.

ఇంకా కొన్ని. మొదటిదే గొర్రె మీద చేయాలా, కోడితో మొదలుపెట్టాలా? మా పాప ఒక పొట్టేలుకు బుజ్జిగాడు అని పేరు పెట్టుకుంది, వచ్చే దసరాకు కోద్దామనుకున్నది అదే, ఏం చేయాలి? తోలు, పేగులు ఏం చేస్తారు? కుక్కలకు వేయొచ్చా?

కర్నూలు వదిన:

పేరు పెట్టినదాన్ని కోయొద్దు నాయనా. మందలో ఇంకో పందొమ్మిది ఉన్నాయి కదా. మా ఇంట్లో పిల్లలు పేరు పెట్టింది విత్తనపు పొట్టేలుగా మిగిలిపోయేది, లేదా సంతకు పోయేది. మాట తప్పితే పిల్లలు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

బోటి పారేయకు. పొట్ట తిరగేసి దులిపి, మరిగే నీళ్ళలో ముంచి తీసి, కాస్త సున్నం రాసి కత్తి వెనక పక్కతో గీకితే నల్ల పొర పోయి తెల్లగా వస్తుంది. తర్వాత ఉప్పు, పసుపు వేసి నాలుగైదు నీళ్ళు మార్చి కడగాలి. మరీ మరిగే నీళ్ళలో ఎక్కువసేపు ఉంచావంటే పొర అతుక్కుపోతుంది. తలకాయ, కాళ్ళు కట్టెల మంట మీద కాల్చి గీకాలి, గ్యాస్ మంట మీద ఆ రుచి రాదు.

నెల్లూరు పశువైద్యం:

కుక్కలకు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు అస్సలు వేయకండి. ఆ నీటి తిత్తుల్లో ఉండే పురుగు కుక్క కడుపులో పెరిగి, దాని పేడలోంచి గుడ్లు బయటికి వస్తాయి. అవి గడ్డి మీద పడి గొర్రెకు, చేతుల మీదుగా పిల్లలకు చేరతాయి. మనిషి కార్జంలో కూడా అదే తిత్తి పెరుగుతుంది, చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. తినని భాగాలన్నీ కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో పూడ్చండి. ఇంటి కుక్కకు క్రమం తప్పకుండా నట్టల మందు వేయించండి.

చింతమొద్దు:

కోడితోనే మొదలుపెట్టు. ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి గోడకు బిగించి, కోడిని తలకిందులుగా అందులోకి దించితే తల మాత్రమే బయట ఉంటుంది. రెక్కలు కొట్టుకోదు, నీ చేయి వణికినా కత్తి జారదు. చేయి కుదిరిందని నీకే అనిపించాక గొర్రె.

పాప పొట్టేలు విషయంలో వదిన చెప్పిందే నా మాట.

తోలుకు ఇప్పుడు ధర లేదు, నిజం చెప్పాలంటే ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్ళు తక్కువ. మేకతోలయితే డప్పు చేసేవాళ్ళను అడిగి చూడు. దాచుకోవాలంటే లోపలి పక్క అంటిన మాంసం, కొవ్వు గీకేసి, తోలు బరువులో సగం దాకా కల్లుప్పు రుద్ది, నీడలో వాలుగా పరిచి నీరు కారనివ్వు. ఎండలో వేస్తే అట్ట కట్టి పగులుతుంది.

వచ్చే నెల మా చెల్లెలి మనవడి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు, చేర్యాల దగ్గర. రెండు యాటలు కోయాలి. మీ ఊరి నుంచి పెద్ద దూరం కాదు. మెసేజ్ పెట్టు, వచ్చి పక్కన నిలబడి పట్టు. నీ కత్తి నువ్వే నూరుకొని తెచ్చుకో, నేను చూస్తాను. ముంజేయి గొరగకపోతే ఆ రోజు నీకు బోటి కడిగే పని.